ఎక్కామా... దిగామా!

విమాన ప్రయాణమంటే మనకో పెద్ద తతంగం. రెండు గంటల ముందే చేరుకోవాలి. తనిఖీలంటూ వరుసల్లో నిలబడాలి. తీరా విమానం పైకి లేచాక ‘హమ్మయ్య’ అనుకుని ఓ కునుకు తీస్తాం. కానీ స్కాట్లాండ్‌లో ఓ విమానం ఉంది. అందులో కునుకు సంగతి దేవుడెరుగు, సీటులో సర్దుకుని కూర్చునేలోపే దిగాల్సిన చోటు వచ్చేస్తుంది!

స్కాట్లాండ్‌కి ఉత్తరాన సముద్రంలో ఆర్క్‌నీ దీవులున్నాయి. వాటిలో వెస్ట్రే, పాపా వెస్ట్రే ఇరుగుపొరుగు దీవులు. వాటి విమానాశ్రయాల మధ్య దూరం సుమారు 2.7 కిలోమీటర్లు. కొవ్వూరు-రాజమండ్రి మధ్య గోదావరి మీదున్న పాత హేవలాక్ వంతెన పొడవెంతో దాదాపు అంతన్నమాట. శంషాబాద్ విమానాశ్రయంలోని పెద్ద రన్‌వే పొడవు 4,260 మీటర్లు. అంటే, ఆ రెండు విమానాశ్రయాల మధ్య దూరం మన ఒక్క రన్‌వేలో ఇమిడిపోగా ఇంకా ఒకటిన్నర కిలోమీటర్లు మిగులుతుంది!

1967 నుంచి లోగనెయిర్ సంస్థ ఈ విమానాన్ని నడుపుతోంది. టైమ్‌టేబుల్ ప్రకారం ప్రయాణ సమయం రెండు నిమిషాలు. గాలి కలిసొస్తే అంత కూడా పట్టదు. 53 సెకన్లలో చేరిన రికార్డూ ఉంది. ప్రపంచంలోకెల్లా అతి చిన్న షెడ్యూల్డ్ విమాన సర్వీసు ఇదే. విమానమూ బుల్లిదే. పేరు బ్రిటన్-నార్మన్ ఐలాండర్. రెండు ఇంజిన్లు, ఒక పైలట్, ఎనిమిది మంది ప్రయాణికులు. ఎయిర్‌హోస్టెస్ ఉండదు, టీ కాఫీలు ఉండవు. ఇచ్చినా తాగే టైమేదీ!

ఈ వింత ప్రయాణం కోసమే వచ్చే పర్యటకులూ ఉన్నారు. పనిలో పనిగా పాపా వెస్ట్రేలో అయిదువేల ఏళ్లు దాటిన రాతి ఇళ్లనీ చూసిపోతారు. స్థానికులకి మాత్రం ఇది సరదా కాదు, అవసరం. పడవలు లేక కాదు. చలికాలంలో ఈదురుగాలులకి సముద్రం పోటెత్తితే అవి ఒడ్డునే ఆగిపోతాయి. పోనీ వంతెన కడదామా అంటే, 2011 లెక్కల ప్రకారం వెస్ట్రేలో ఉన్నది 588 మంది, పాపా వెస్ట్రేలో 90 మందే. అందుకే విమానమే వాళ్ల పల్లెవెలుగు బస్సు. అది ఆర్క్‌నీలోని పెద్ద పట్టణం కిర్క్‌వాల్ నుంచి వస్తుంది, మళ్లీ అక్కడికే వెళ్తుంది. పెద్దాసుపత్రి ఉన్నది అక్కడే. టీచర్లు, వైద్య సిబ్బంది, రోగులు, పిల్లలు... అందరూ అందులోనే తిరుగుతారు. రెండు నిమిషాల ప్రయాణం ఆ దారిలో ఒక స్టాపు నుంచి మరో స్టాపుకన్నమాట.

ఎనిమిది టికెట్ల డబ్బుతో విమానం నడపడం గిట్టుబాటయ్యే పని కాదు. అందుకే అక్కడి కౌన్సిల్ కొంత ఖర్చు భరిస్తోంది. 2017 ఏప్రిల్ 27న మన కడప నుంచి హైదరాబాద్‌కి ఉడాన్ పథకం కింద విమానం మొదలైనప్పుడూ ఆలోచన ఇలాంటిదే. జనం తక్కువగా ఎక్కే దారిలోనూ సర్వీసు నడవాలంటే ఎవరో ఒకరు చేయూతనివ్వాలి.

‘రెండు నిమిషాల దూరానికి విమానమా!’ అని మనం నవ్వుకోవచ్చు. పడవ కదలని రోజున, ఒంట్లో బాగోలేని అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సిన కొడుకుని అడిగితే తెలుస్తుంది, ఆ 2.7 కిలోమీటర్లు ఎంత దూరమో!