చల్లదనం లోపల, ప్రమాదం బయట: ఏసీ బిగించే చేతులకు రక్షణ ఏది?

కృష్ణపట్నం రేవుకు దగ్గరలో, నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలం నేలటూరులో ప్రభుత్వ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. దానికి పెట్టిన పేరు దామోదరం సంజీవయ్య. కర్నూలు జిల్లా పెదపాడులో మాల కుటుంబంలో పుట్టి, 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయిన ఆయనే దేశంలో ఆ పదవిలో కూర్చున్న తొలి దళితుడు. ఆ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి. మూడోది 2022 అక్టోబరులో ప్రారంభమైంది. అదే తీరం వెంట దక్షిణానికి వెళితే తడ దాటే లోపు శ్రీసిటీ వస్తుంది. డైకిన్, బ్లూస్టార్, హావెల్స్ కంపెనీలు అక్కడ ఏసీలు తయారు చేస్తున్నాయి. 2025 మే నెలలో ఎల్‌జీ ఫ్యాక్టరీకి కూడా శంకుస్థాపన జరిగింది.

అంటే ఏసీ తయారయ్యేదీ, దాన్ని నడిపే కరెంటు పుట్టేదీ ఈ తీరంలోనే. ఈ రెంటికీ మధ్య ఇంకో పని ఉంది. ఆ పెట్టెను మూడో అంతస్తు గోడకు బయటివైపు బిగించాలి. ఫ్యాక్టరీకి సేఫ్టీ ఆఫీసర్ ఉంటాడు, విద్యుత్ కేంద్రానికి తనిఖీ ఉంటుంది. గోడకు వేలాడే మనిషికి మాత్రం ఏదీ లేదు. ఈ వ్యాసం ఆ మనిషి గురించి.

2025 జూన్‌లో కేంద్ర విద్యుత్ మంత్రి ఏసీల ఉష్ణోగ్రతను 20 నుంచి 28 డిగ్రీల మధ్యే ఉంచేలా నిబంధన తెస్తామని ప్రకటించినప్పుడు దేశమంతా చర్చ జరిగింది. ఎంత చల్లగా ఉండాలన్నదే ఆ చర్చంతా. ఆ చల్లదనాన్ని అమర్చేవాడు ఎంత భద్రంగా ఉండాలని ఎవరూ అడగలేదు. 2024 ఆగస్టులో దిల్లీ కరోల్‌బాగ్‌లో పైఅంతస్తు నుంచి ఏసీ అవుట్‌డోర్ యూనిట్ ఊడిపడి కింద ఉన్న యువకుడు చనిపోయాడు. ఆ దృశ్యం సీసీ కెమెరాకు చిక్కింది కాబట్టి వార్త అయింది. యూనిట్ కింద పడితే వార్త. యూనిట్ బిగిస్తూ మనిషి కింద పడితే పోలీసు స్టేషన్‌లో 'ప్రమాదవశాత్తు మరణం' అన్న ఒక్క పంక్తి. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రతి ఏడూ ఎత్తు నుంచి పడి చనిపోయినవారి సంఖ్య ఇస్తుంది. అందులో ఏసీ బిగిస్తూ పోయినవారి వరుస లేదు.

అసలు ఈ పనిలో ప్రమాదం ఎక్కడుంది?

ఒకటిన్నర టన్ను స్ప్లిట్ ఏసీ అవుట్‌డోర్ యూనిట్ సుమారు 25 నుంచి 40 కిలోలు బరువుంటుంది. ఇద్దరు మనుషులు దాన్ని తాడు కట్టి పైకి లాగుతారు, లేదా కిటికీలోంచి బయటకు అందిస్తారు. బయట సన్‌షేడ్ మీద ఒకరు నిలబడి దాన్ని అందుకోవాలి. సన్‌షేడ్ వానను ఆపడానికి పోసింది. మనిషి బరువూ యంత్రం బరువూ కలిపి మోయడానికి పోసింది కాదు. అందుకుంటున్న మనిషి రెండు చేతులూ యూనిట్ మీదే ఉంటాయి, పట్టుకోవడానికి మూడో చెయ్యి ఉండదు. నడుముకు బెల్టు కట్టుకున్నా ఆ తాడు రెండో కొన సాధారణంగా కిటికీ గ్రిల్‌కో, అప్పుడే బిగించిన స్టాండుకో కడతారు. మనిషి జారితే ఆ గ్రిల్లూ ఆ స్టాండూ మనిషితోపాటే వస్తాయి.

భద్రంగా చేయాలంటే పద్ధతి ఉంది, అదేమీ బ్రహ్మవిద్య కాదు. ఒంటినంతా పట్టుకునే హార్నెస్ ఉండాలి, నడుము బెల్టు సరిపోదు. దాని తాడును భవనం పిల్లర్ వంటి గట్టి ఆధారానికి, యూనిట్‌తో సంబంధం లేకుండా కట్టాలి. స్టాండు యూనిట్ బరువుకు తగ్గది కావాలి. దాని యాంకర్ బోల్టులు కాంక్రీటులోనో గట్టి ఇటుక గోడలోనో దిగాలి. ప్లాస్టరింగ్‌లోనో, లోపల డొల్లగా ఉండే ఇటుకలోనో, పగుళ్లు పట్టిన పిట్టగోడలోనో దిగిన బోల్టు ఇవాళ నిలుస్తుంది, రెండేళ్లకు ఊడుతుంది. కింద మనుషులు నడవకుండా తాడు కట్టి ఒకరు కాపలా ఉండాలి. గాలి, వాన ఉన్న రోజు పని ఆపాలి.

ఎత్తు ఒక్కటే కాదు, కరెంటు ఇంకో ప్రమాదం. ఏసీకి విడిగా ఎంసీబీ, సరైన ఎర్తింగ్, లీకేజీ వస్తే క్షణంలో సరఫరా ఆపే బ్రేకర్ ఉండాలి. పని చేసేటప్పుడు మెయిన్ ఆపి, మరొకరు వేయకుండా చూసుకోవాలి. ఆపిన తర్వాత కూడా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది. చిన్న షాక్‌కు నేల మీద నిలబడ్డవాడు ఉలిక్కిపడతాడు, సన్‌షేడ్ మీదివాడు కింద పడతాడు.

మూడోది గ్యాస్. ఇప్పుడు ఎక్కువ ఏసీల్లో వస్తున్న ఆర్-32కు కొంతమేర మండే గుణం ఉంది. ఆర్-290 అయితే ప్రొపేనే, అంటే వంటగ్యాస్ జాతిది. పాత ఆర్-22 రోజుల అలవాట్లు వీటితో పనికిరావు. పైపుల్లో లీకు చూడటానికి నైట్రోజన్ వాడాలి. సిలిండర్ చేతిలో ఉంది కదా అని ఆక్సిజన్ ఎక్కిస్తే అది కంప్రెసర్ ఆయిల్‌తో కలిసి పేలుతుంది. లోపలి గాలిని వ్యాక్యూమ్ పంపుతో తీయాలి. పాత యూనిట్ విప్పేటప్పుడు గ్యాస్‌ను కంప్రెసర్‌లోకి లాగుతుండగా ఎక్కడో లీకు ద్వారా గాలి లోపలికి పోతే కంప్రెసరే బాంబులా పేలవచ్చు.

ఉప్పుగాలి, బొగ్గు దుమ్ము

కృష్ణపట్నం వంటి చోట ఈ లెక్క ఇంకా మారుతుంది. సముద్రపు ఉప్పుగాలి ఇనుప స్టాండును పెయింటు కింది నుంచే తింటుంది. పైకి బాగానే కనిపించే స్టాండు బోల్టు దగ్గర తుప్పుపట్టి ఉంటుంది. సరిగ్గా మెకానిక్ చెయ్యి ఆనించేది అక్కడే. ఇక్కడి రేవు బొగ్గు దిగుమతికి పేరుపడ్డది, చుట్టూ థర్మల్ కేంద్రాలు. ఉప్పు తేమకు దుమ్ము తోడై కాయిల్ రెక్కలు తొందరగా మూసుకుపోతాయి. అంటే ఊరి మధ్య ఇంట్లో కంటే ఇక్కడ యూనిట్‌ను ఎక్కువసార్లు కడగాలి, మనిషి ఎక్కువసార్లు గోడ బయటికి దిగాలి. ఒక్కసారి బిగించి మరిచిపోయే పని కాదిది, ఏటా తిరిగొచ్చే ప్రమాదం. దానికి తోడు బంగాళాఖాతం తుపాన్లు. 2023 డిసెంబరులో మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటేముందు నెల్లూరు తీరాన్నంతా ఊపేసింది. అలాంటి గాలికి వదులైన స్టాండును తర్వాత విప్పి చూడాల్సింది కూడా అదే మెకానిక్.

ఈ తీరానికి తగిన స్టాండు అంటే స్టెయిన్‌లెస్ స్టీల్, లేదా మందంగా జింకు పూత పూసిన ఉక్కు. మామూలు స్టాండు కంటే దాని ఖరీదు ఎక్కువ. అసలు తగాదా ఇక్కడే మొదలవుతుంది.

'ఫిట్టింగ్ ఫ్రీ' అంటే ఎవరికి ఫ్రీ?

వేసవి ఆఫర్లలో 'ఉచిత ఇన్‌స్టాలేషన్' అన్న మాట చూస్తుంటాం. ఉచితంగా ఏ పనీ జరగదు. కంపెనీ డీలర్‌కు, డీలర్ సర్వీస్ కాంట్రాక్టరుకు, కాంట్రాక్టరు మెకానిక్‌కు, మెకానిక్ హెల్పర్‌కు ఇంతని ఇస్తూ పోతారు. ప్రతి మెట్టు మీదా కొంత తరుగుతుంది. చివరికి చేతికొచ్చేది యూనిట్‌కు ఇంత అన్న లెక్క. రోజుకు ఎన్ని బిగిస్తే అంత. హార్నెస్ తొడుక్కుని, ఆధారం వెతికి, తాడు కట్టడానికి పట్టే అరగంట అతని కూలిలోంచే పోతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలోనే ఈ పనికి గిరాకీ. జనమంతా ఎండకు ఇంట్లో ఉండే మధ్యాహ్నం అతను కాలిన సన్‌షేడ్ మీద ఉంటాడు. ఇలాంటప్పుడు 'జాగ్రత్తగా చేసుకోవాలి కదా' అనడం నేరాన్ని బాధితుడి మీద వేయడమే.

మనం నిచ్చెనమెట్ల వ్యవస్థ అంటాం. ఈ పనిలో ఆ మాట అక్షరాలా కనబడుతుంది. బ్రాండు పేరున్నవాడు ఆఫీసులో, సర్టిఫికెట్ ఉన్నవాడు గదిలో, ఏ కాగితమూ లేనివాడు గోడ బయట. 2011 జనగణన ప్రకారం నెల్లూరు జిల్లా జనాభాలో ఐదో వంతుకు పైగా ఎస్సీలు, దాదాపు పదో వంతు ఎస్టీలు. ఎస్టీల్లో ఎక్కువమంది యానాదులు. రేవుకూ విద్యుత్ కేంద్రాలకూ భూములు పోయిన ఊళ్లలో సొంత భూమి లేనివారికి మిగిలేది కాంట్రాక్టు పనే. ప్రైవేటు కాంట్రాక్టులో రిజర్వేషన్ లేదు, ప్రమాదంలో మాత్రం వాటా ఉంది. ఐటీఐలో రెండేళ్ల ఏసీ టెక్నీషియన్ కోర్సు పూర్తిచేసేవరకు ఇల్లు గడవనివాడు హెల్పర్‌గా చేరి, చూసి నేర్చుకుంటాడు. అతను నేర్చుకునేది పనే, పనిలో బతికి బయటపడే పద్ధతి ఎవరూ నేర్పరు. 2019 మార్చిలో వచ్చిన జాతీయ శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక 2022-23 కల్లా లక్షమంది సర్వీసింగ్ టెక్నీషియన్లకు శిక్షణ, సర్టిఫికెట్ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. ఆ లక్షలో వాడల పిల్లలు ఎందరు, ఆడపిల్లలు ఎందరు అన్న ప్రశ్నను ఆ ప్రణాళికే వేసుకోలేదు.

పదిమంది ఉంటేనే ప్రాణమా?

2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. భద్రతకు సంబంధించిన కోడ్ మొత్తమ్మీద పదిమంది, అంతకుమించి కార్మికులున్న సంస్థలకు వర్తిస్తుంది. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంలోనూ పది అన్న గీత ఉంది. సొంత ఇంటి పనికి ఇచ్చిన మినహాయింపు పాత చట్టంలో 10 లక్షల రూపాయల వరకు ఉండేది, కొత్త కోడ్‌లో 50 లక్షలకు పెరిగింది. కాంట్రాక్టు కార్మికుల నిబంధనల పరిధి 20 మంది నుంచి 50కి జరిగింది. ఏసీ బిగించే జట్టులో ఉండేది ఇద్దరు. ఈ గీతలన్నిటికీ కిందే ఉంటారు వాళ్లు.

అయితే చట్టంలో మనకు పనికొచ్చే దారి ఒకటి ఉంది. 1923 నాటి పరిహార చట్టం నుంచి నేటి సామాజిక భద్రత కోడ్ దాకా ఒక సూత్రం నిలిచి ఉంది. తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టరుకు అప్పగించినవాడు, ఆ పనిలో గాయపడ్డ కార్మికుడికి పరిహారం చెల్లించే బాధ్యత తప్పించుకోలేడు. 'ఇన్‌స్టాలేషన్ మాదే' అని ప్రకటించి ఏసీ అమ్మిన సంస్థకు బిగింపు దాని వ్యాపారంలో భాగమేనని వాదించవచ్చు. అందుకే ప్రమాదం జరిగినప్పుడు మొదట భద్రపరచాల్సినవి బిల్లు, వారంటీ కార్డు, ఫోన్‌కు వచ్చిన సర్వీస్ మెసేజీ, విరిగిన స్టాండు, బోల్టుల ఫొటోలు. ఆ మనిషిని అక్కడికి పంపింది ఎవరో చెప్పే సాక్ష్యం అదే. పోలీసులు బీఎన్‌ఎస్‌ఎస్ 194 కింద అనుమానాస్పద మరణంగా రాసి మూసేయకుండా, నిర్లక్ష్యం వల్ల మరణానికి సంబంధించిన బీఎన్‌ఎస్ 106 కింద కేసు కట్టమని అడగాలి. పరిహారం దరఖాస్తుకు రెండేళ్ల గడువు. దినవారాల దుఃఖంలో, డీలర్ ఇచ్చే పాతిక వేల రాజీలో ఆ గడువు కరిగిపోనివ్వకూడదు.

మ్యాన్‌హోల్ మరణాల పోరాటం మనకు నేర్పిన పాఠం ఇదే. సఫాయి కార్మికుల ఉద్యమం చచ్చిపోయినవారిని ఒక్కొక్కరిగా లెక్కపెట్టింది. అప్పుడే 2014లో సుప్రీంకోర్టు 10 లక్షల పరిహారం అంది, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. ఏసీ పనీ మురుగు పనీ ఒకటి కాదు. మురుగు పని పూర్తిగా పోవాలి, ఏసీ పని గౌరవంగా భద్రంగా సాగాలి. కానీ లెక్కలో లేని చావుకు న్యాయం లేదన్నది రెండింటికీ వర్తిస్తుంది.

ఏం అడగాలి?

భవనం ప్లాను ఆమోదించేటప్పుడే అవుట్‌డోర్ యూనిట్‌కు మనిషి నిలబడగల, రెయిలింగ్ ఉన్న చోటు, తాడు కట్టే కొక్కెం చూపించాలని నిబంధన రావాలి. మేస్త్రీ ఒక్కసారి పెట్టే కొక్కెం ఆ భవనం బతికినంతకాలం పనివాళ్ల ప్రాణాలు కాపాడుతుంది. కృష్ణపట్నం పారిశ్రామిక ప్రాంతానికి 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేశారు. అక్కడ రాబోయే ఆఫీసులకూ క్వార్టర్లకూ ఈ నిబంధన ఇప్పుడే పెడితే ఖర్చు నామమాత్రం.

తీరప్రాంతంలో తుప్పుపట్టని స్టాండు తప్పనిసరి చేసి, దాని ధరను ఏసీ ధరలోనే కలపాలి. సింగపూర్‌లో ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ ఫ్లాట్లలో శిక్షణ పొందిన ఇన్‌స్టాలరే బిగించాలి, స్టెయిన్‌లెస్ స్టీల్ స్టాండే వాడాలి. తప్పితే శిక్ష ఇంటి యజమానికి కూడా పడుతుంది. సముద్రం పక్కనున్న దేశం తెలుసుకున్నది సముద్రం పక్కనున్న జిల్లాకు తెలియకూడదా?

బిగింపు చార్జీలో భద్రతకు పట్టే సమయాన్ని విడిగా చూపాలి. ఇద్దరు మనుషులు, రెండు హార్నెస్‌లు, వాటి ఖర్చు కంపెనీది. కార్మికుల సంఖ్య లెక్కించేటప్పుడు సన్‌షేడ్ మీదున్న ఇద్దరిని కాదు, ఆ బ్రాండు కింద జిల్లాలో పనిచేసేవారందరినీ లెక్కించాలి. ఎస్సీ ఉప ప్రణాళిక నిధులతో ఇచ్చే నైపుణ్య శిక్షణలో ఎత్తులో పని, మండే గ్యాస్‌ల పాఠాలు ఉండాలి. శిక్షణ రోజులకు కూలి ఇవ్వాలి.

విద్యార్థులు ఇవాళే చేయగలిగినదీ ఒకటుంది. మీ యూనివర్సిటీలో, హాస్టల్ ఆఫీసులో, లైబ్రరీలో ఏసీలు ఎవరు బిగిస్తున్నారో, టెండరులో భద్రత గురించి ఏం రాశారో సమాచార హక్కు చట్టం కింద అడగండి.

అంబేడ్కర్ 1942 నుంచి 1946 వరకు వైస్రాయి మండలిలో కార్మిక సభ్యుడిగా ఉన్నప్పుడు విద్యుత్తు కూడా ఆయన శాఖ కిందే ఉండేది. 1944లో కేంద్ర సాంకేతిక విద్యుత్ మండలి ఏర్పడింది ఆ శాఖలోనే. ఎనిమిది గంటల పని గురించి వాదించినదీ, దేశానికి కరెంటు గురించి ఆలోచించినదీ ఒకే బల్ల దగ్గర. మనం ఆ రెంటినీ విడదీశాం. కరెంటు అభివృద్ధి అయింది, కార్మికుడు ఖర్చు అయ్యాడు. నేలటూరు కేంద్రం గేటు మీద సంజీవయ్య పేరు ఉంది, మంచిదే. ఆ కరెంటుతో నడిచే ఏసీని బిగించడానికి గోడ బయటికి దిగే కుర్రాడి నడుముకు తాడు, ఆ తాడుకు ఆధారం, పడితే అతని ఇంటికి హక్కుగా పరిహారం ఉన్నప్పుడే ఆ పేరుకు విలువ.