గోధుమ మానేసి ఓట్స్ తింటున్నా పొట్ట ఊరుకోవట్లేదా?

గోధుమ పడట్లేదని చపాతీ, బ్రెడ్, బిస్కెట్ అన్నీ మానేస్తాం. వాటి ప్లేస్‌లోకి ఓట్స్ వస్తాయి. నాలుగు రోజులు బాగానే ఉంటుంది, తర్వాత మళ్లీ అదే ఉబ్బరం, అదే బాత్రూమ్ పరుగు. ఓట్స్‌లో గ్లూటెన్ లేదన్నారు కదా, మరి ఇదేంటి?

అన్నది నిజమే. గ్లూటెన్ అంటే గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే ప్రొటీన్ల గుంపు. చపాతీ ముద్ద సాగేది దానివల్లే. ఓట్స్‌లో ఉండేది అవెనిన్ అనే వేరే ప్రొటీన్. కానీ చాలాచోట్ల గోధుమ, బార్లీ పండిన చేలోనే మరుసటేడు ఓట్స్ వేస్తారు. కోసే మెషీన్ అదే, తీసుకెళ్లే లారీ అదే, ఆడించే మిల్లూ అదే. ఇక కలవకుండా ఎలా ఉంటాయి?

ఎంత కలిస్తే ప్రమాదం అంటారా? ప్యాకెట్ మీద 'గ్లూటెన్ ఫ్రీ' అని వేయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాముల గ్లూటెన్ దాటకూడదు. అమెరికాలో, మన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గరా అదే లిమిట్. ఒక గోధుమ గింజ సుమారు 40 మిల్లీగ్రాములు, అందులో పదోవంతు గ్లూటెన్ అనుకోండి. అంటే కిలో ఓట్స్‌లో ఐదు గోధుమ గింజలు పడితే చాలు, లిమిట్ అయిపోయినట్టే! ఆస్ట్రేలియాలో అయితే ఓట్స్ మీద ఆ మాట అసలు రాయనివ్వరు. మన దగ్గర కూడా అలర్జీ వివరాలు రాసేచోట, గ్లూటెన్ ధాన్యాల లిస్టులో ఓట్స్ పేరు ఉంటుంది.

ఇక మసాలా ఓట్స్ సంగతి వేరే. వెనకాల చిన్న అక్షరాలు జూమ్ చేసి చదవండి, గోధుమ ఏదో రూపంలో కనిపించొచ్చు. ఇంట్లోనే ఓట్స్ ఉప్మా చేసుకుంటున్నాం అంటారా? పోపులో వేసే ఇంగువ డబ్బా తిప్పి చూడండి. మనకు దొరికే పొడి ఇంగువలో చాలావాటికి మైదానో, గోధుమ పిండో కలుపుతారు. ఇది తెలిసినప్పుడు మా అమ్మ నన్ను నమ్మలేదు, డబ్బా చూపించాల్సి వచ్చింది.

అన్నిసార్లూ గ్లూటెన్‌నే తిట్టడమూ కరెక్ట్ కాదు. 100 గ్రాముల ఓట్స్‌లో సుమారు 10 గ్రాముల పీచు ఉంటుంది. ఇన్నాళ్లూ తెల్లన్నం, ఇడ్లీ అలవాటైన పొట్టకి ఒక్కసారిగా పెద్ద గిన్నెడు ఓట్స్ ఇస్తే గ్యాస్ రాక ఏమవుతుంది? పాలు పడనివాళ్లకి ఓట్స్‌లో పోసిన పాలే కారణం కావచ్చు. కోడ్‌లో బగ్ వెతికేటప్పుడు ఒకేసారి నాలుగు లైన్లు మార్చం కదా, ఇక్కడా అంతే. ఒక వారం పాలు తీసేయండి, ఇంకో వారం ఓట్స్ సగం చేయండి. ఏది మార్చినప్పుడు తగ్గిందో రాసుకోండి.

కానీ ఈ ప్రయోగాలన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది సీలియాక్ ఉందా లేదా అని. అది మామూలు పడకపోవడం కాదు. గ్లూటెన్ తగిలితే శరీరం తన చిన్నపేగు లోపలి పొరనే దెబ్బతీసుకుంటుంది. తిన్నది ఒంటపట్టదు. రక్తం తగ్గుతుంది, బరువు తగ్గుతుంది, మనం మాత్రం గ్యాస్ టాబ్లెట్లు మింగుతూ కూర్చుంటాం. దీనికి టీటీజీ-ఐజీఏ అని రక్తపరీక్ష ఉంది. చిక్కేంటంటే, గోధుమ తింటున్నప్పుడే అది సరిగ్గా పట్టిస్తుంది. మా టీమ్‌లో ఒకమ్మాయి నెలల తరబడి గోధుమ మానేశాక టెస్టుకి వెళ్తే, కొన్ని వారాలు మళ్లీ గోధుమ తిని రమ్మన్నారు డాక్టర్. పాపం, లంచ్‌లో ఆ చపాతీల వంక చూసే చూపు వర్ణించలేను. కాబట్టి మానేయకముందే టెస్ట్ చేయించుకోండి.

సీలియాక్ అని తేలినవాళ్లలో ఎక్కువమందికి శుభ్రమైన ఓట్స్ పడతాయి. కొద్దిమందికి మాత్రం ఆ అవెనిన్‌తోనే పేచీ. మీరు ఎందులో ఉన్నారో గ్యాస్ట్రో డాక్టర్‌తోనే తేల్చుకోవాలి, రీల్స్ చూసి కాదు.

ఓట్స్ పడకపోతే ప్రపంచం ఆగిపోదు. బియ్యం, రాగి, జొన్న, సజ్జ, కొర్రలు... వేటిలోనూ గ్లూటెన్ లేదు. ఒక్క జాగ్రత్త, జొన్నలు మరకి (మా వైపు గిర్ని అంటారు) పట్టుకెళ్లేముందు మీ ముందు గోధుమలు ఎవరైనా పట్టించారేమో అడగండి. సీలియాక్ ఉన్నవాళ్లయితే ఇంట్లోనే మిక్సీలో వేసుకోవడం మేలు.