బాగుచేసిన బ్యాగు కూడా అసలైనదే

"బయట చేయించారా? అయితే ఇక అది ఒరిజినల్ కాదండీ." ఖరీదైన తోలు హ్యాండ్‌బ్యాగులు కొనేవాళ్లలోనూ అమ్మేవాళ్లలోనూ ఈ మాట తిరుగులేని తీర్పులా చెలామణి అవుతోంది. లూయీ విటాన్, షనెల్, హెర్మెస్, గూచీ, పేరు ఏదైనా కానివ్వండి. మూలలు అరిగినా, పిడి నల్లబడినా, కుట్టు ఊడినా కంపెనీ వర్క్‌షాపుకే పంపాలట. వాళ్లు కుదరదంటే ఆ చిరుగుతోనే వాడుకోవాలి, లేదా బీరువాలో పెట్టి మర్చిపోవాలి. బయటి మనిషి సూది పెట్టాడంటే కంపెనీ మళ్లీ దాన్ని ముట్టుకోదు, సెకండ్‌హ్యాండ్‌లో ధర పలకదు, కొన్నవాళ్లకు నకిలీ ఏమోనన్న అనుమానం. వినడానికి ఇది ముందుచూపున్న సలహాలాగే ఉంటుంది. కానీ ఇది తప్పు సలహా. తోలు సంగతి తెలియక కొంత, అమ్మేవాళ్ల లాభం కొంత కలిసి దీన్ని పెంచాయి. మన దగ్గరికి వచ్చేసరికి దీనికి ఇంకో పాత జబ్బు తోడైంది. దాని గురించి కొంచెం ఆగి చెబుతాను.

ముందు వస్తువును చూద్దాం. హ్యాండ్‌బ్యాగు అంటే తోలు, దారం, గమ్ము, లైనింగ్, లోహపు సామాను. ఇవన్నీ ఒకే వేగంతో పాతబడవు. మంచి దూడ తోలు దశాబ్దాలు నిలుస్తుంది. దాని పక్కనే ఉన్న లైనింగ్ పదేళ్లకే చేతికి అంటుకోవచ్చు. పాలీయురెథేన్ పూత పూసిన లైనింగ్ గాలిలోని తేమకు మెల్లగా విచ్ఛిన్నమై, జిగురుజిగురుగా మారి, పొరలు పొరలుగా రాలుతుంది. అమెరికా నుంచి అక్కో వదినో తెచ్చిన బ్యాగును దుమ్ము పడకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువాలో దాచిన వాళ్లకు ఈ అనుభవం ఉంటుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో మరీనూ. కవరులో చిక్కిన తేమ బయటికి పోదు. వానాకాలం వెళ్లాక తీసి చూస్తే తోలు మీద బూజు, లోపల జిగురు. లైనింగ్ చచ్చింది, తోలు బతికే ఉంది. లైనింగ్ మార్చితే బ్యాగు ఇంకో ఇరవై ఏళ్లు నడుస్తుంది. మార్చకపోతే మిగతాదంతా దానితోపాటే పోతుంది. ఇందులో బ్యాగు అసలుతనానికి వచ్చిన లోటేమిటి?

కుట్టు సంగతి ఇంకా స్పష్టం. హెర్మెస్ 1837లో పారిస్‌లో మొదలైంది గుర్రాల తోలు సామాను చేసే దుకాణంగా. ఆ సంస్థ ఈనాటికీ గర్వంగా చెప్పుకునే జీను కుట్టు అక్కడిదే: ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు, మైనం పట్టించిన అవిసె దారం, ప్రతి బెజ్జంలోనూ రెండు సూదులూ ఎదురెదురుగా దాటుతాయి. ఒక చోట తెగినా పక్క కుట్లు పట్టుకునే ఉంటాయి. మిషన్ కుట్టు అలా కాదు. పై దారం, కింది దారం ఒకదానికొకటి మెలిపడి నిలుస్తాయి. ఒకటి తెగితే ఆ వరసంతా వదులవుతూ పోతుంది. అంటే జీను కుట్టు పుట్టిందే తెగే రోజును లెక్కలోకి తీసుకుని. తెగిన చోటు వరకే విప్పి, పాత బెజ్జాల్లోంచే కొత్త దారం నడిపి, మళ్లీ బిగించడానికి అది అనువైన కుట్టు. రిపేరును మనసులో పెట్టుకుని పుట్టిన పనితనాన్ని రిపేరు చేస్తే అసలుతనం పోతుందనడం ఆ పనితనాన్నే అర్థం చేసుకోకపోవడం.

అంచులకూ అంతే. కోసిన తోలు అంచు కనిపించకుండా పూసే రంగు ఒక్కసారి పూసేది కాదు. పూసి, ఆరనిచ్చి, గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ పూస్తారు. ఇలా పొర మీద పొర. ఏళ్ల తరవాత ఎండకు, చెమటకు అది పగులుతుంది. పాత పూత గీకేసి కొత్తది వేయడం ఇంటికి సున్నం వేయించడం లాంటి మామూలు పోషణ.

ఎదుటివాళ్ల వాదనలో న్యాయం లేదని నేను అనను. చెడ్డ రిపేరు బ్యాగును చంపుతుంది, ఆ భయం నిజమైనదే. పిడి ఊడితే క్షణంలో అంటుకునే గమ్ము వేసేవాళ్లున్నారు. అది గట్టిపడి, తోలు వంగిన ప్రతిసారీ పగిలి, చుట్టూ ఉన్న పొరను కూడా చీలుస్తుంది. వెలిసిన మూలకు బూట్ పాలిష్ రాస్తే ఆ రంగు చీర కుచ్చిళ్లకు అంటుతుంది. పాత బెజ్జాలు వదిలి కొత్తవి పొడిస్తే ఆ వరస స్టాంపుల కాగితంలా చిరగడానికి సిద్ధమవుతుంది. అన్నిటికన్నా ఘోరం, తోలు ఏదో తెలుసుకోకుండా రంగు కొట్టడం. లూయీ విటాన్ గోధుమరంగు మోనోగ్రామ్ బ్యాగులో ఎక్కువ భాగం అసలు తోలే కాదు, పూత పూసిన నూలు కాన్వాస్. ఆ అచ్చు 1896 నాటిది. పిడి, అంచు పట్టీలు మాత్రం చెట్టుబెరడు రసంతో పదును చేసి, పైన దాదాపు ఏ పూతా వేయకుండా వదిలిన ఆవు తోలు. ఎండకు, చేతి చెమటకు అది తేనె రంగుకు తిరుగుతుంది, ఏళ్లు గడిస్తే ముదురు గోధుమ అవుతుంది. ఆ పిడి మీద రంగు స్ప్రే కొట్టేవాడు దాని గుణాన్ని తుడిచేస్తున్నాడు. అదే షనెల్ మెత్తని గొర్రె తోలు బ్యాగు మూల అరిగితే అక్కడ లెక్క వేరు. పైపూత పోయి లోపలి తోలు బయటపడింది, వదిలేస్తే చిరుగుతుంది. శుభ్రం చేసి, జిడ్డు తీసి, వంగినా పగలని ఫిల్లర్ పలచగా పట్టించి, నీటిలో కలిసే పిగ్మెంటును పొరలుగా వేసి, చివర కాపుదల పూత వేయాలి. ఒక చోట రంగు నేరం, ఇంకో చోట రంగే మందు. ఈ తేడా తెలిసినవాడు రిపేరు చేయాలి. ఆ మనిషి జీతం ఎవరిస్తారన్నది ఈ తేడాను మార్చదు.

కంపెనీ చేయి పడితేనే ఒరిజినల్ అన్న నమ్మకాన్ని కూడా ఓసారి గట్టిగా పట్టి చూడాలి. 2024 జూన్‌లో మిలన్ కోర్టు డియోర్‌కు చెందిన ఒక తయారీ సంస్థను న్యాయ పర్యవేక్షణ కిందికి తెచ్చింది. కోర్టు పత్రాల ప్రకారం దుకాణంలో 2,600 యూరోలకు అమ్మే ఒక బ్యాగును జోడించినందుకు సబ్‌కాంట్రాక్టరుకు ముట్టింది 53 యూరోలు. తోలు వగైరా ముడిసరుకు ఖర్చు వేరు. పనివాళ్ల పరిస్థితులు దారుణమని దర్యాప్తు చెప్పింది. అదే ఏడాది ఏప్రిల్‌లో అర్మానీకి చెందిన సంస్థ మీదా ఇలాంటి ఉత్తర్వే వచ్చింది. డియోర్ సంస్థ తన సరఫరా పద్ధతులు సరిదిద్దుకున్నాక 2025 ఫిబ్రవరిలో ఆ పర్యవేక్షణ ఎత్తేశారు. ఈ ఉదంతంతో అందరినీ ఒకే గాటన కట్టను. నిజంగానే ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చి, బ్యాగు మొత్తాన్ని ఒకే పనివాడి చేత చేయించే సంస్థలున్నాయి. నేనడిగేది ఒక్కటే. పేరు తెలియని సబ్‌కాంట్రాక్టు షెడ్డులో కుట్టిన కుట్టుకు ఒరిజినల్ ముద్ర పడుతుంటే, పేరూ ఊరూ చెప్పి, ఏం చేశాడో కాగితం మీద రాసిచ్చే నిపుణుడి కుట్టుకు ఎందుకు పడదు?

వస్తువును కాపాడే బాధ్యత కంపెనీకే ఎక్కువ ఉంటుందనేది ఇంకో నమ్మకం. బర్బెరీ 2018 మార్చితో ముగిసిన ఏడాదిలో అమ్ముడుపోని 2 కోట్ల 86 లక్షల పౌండ్ల సరుకును నాశనం చేసింది. విమర్శలు వచ్చాక ఆ సెప్టెంబర్‌లో ఆ పద్ధతి మానేస్తున్నట్టు ప్రకటించింది. కోచ్ బ్యాగులు కోసేసి చెత్తలో పడేసి ఉన్న వీడియో 2021లో బయటికి వచ్చింది. దెబ్బతిని తిరిగొచ్చిన సరుకును దుకాణాల్లో నాశనం చేయడం ఆపేస్తామని ఆ తర్వాతే కంపెనీ చెప్పింది. రిపేరు చేసి ఎవరికైనా ఇవ్వగలిగిన తోలు అది. మరోవైపు షనెల్ క్లాసిక్ ఫ్లాప్ మధ్య సైజు బ్యాగు 2019లో ఆరు వేల డాలర్ల లోపే ఉండేది, 2023కల్లా పది వేలు దాటింది. పాత బ్యాగు బాగై ఇంకో ఇరవై ఏళ్లు నడిస్తే కొత్త బ్యాగు ఒకటి తక్కువ అమ్ముడుపోతుంది. బయట చేయిస్తే విలువ పోతుందన్న భయం ఎవరికి పనికొస్తుందో వేరే చెప్పాలా? డబ్బు కట్టి కొన్న వస్తువు మీద కొన్నవాళ్ల హక్కు బిల్లు చింపిన క్షణంలో పూర్తవాలి. దాన్ని ఎవరి చేత కుట్టించుకోవాలో కూడా అమ్మినవాడే చెబితే, అది అద్దెకిచ్చినట్టే.

చట్టం ఈ ప్రశ్నను ఎప్పుడో చూసింది. వస్తువు వేరు, సూత్రం ఇదే. ఛాంపియన్ కంపెనీ స్పార్క్ ప్లగ్గులు వాడి పారేసినవి సేకరించి, బాగుచేసి, అదే పేరుతో అమ్ముతున్న వ్యాపారి మీద కంపెనీ దావా వేసింది. 1947లో అమెరికా సుప్రీం కోర్టు ఏమందంటే, పేరు తీసేయనక్కర్లేదు, అవి ఆ కంపెనీవేనన్నది నిజమే కదా. అయితే బాగుచేసినవని కొనేవాడికి స్పష్టంగా తెలిసేలా రాయాలి. ఈ తీర్పులో ఉన్న న్యాయమే బ్యాగులకూ కావాలి. రిపేరు చేసినందుకు బ్యాగు నకిలీ అయిపోదు. రిపేరు సంగతి దాచి అమ్మితే, ఆ అమ్మకం మోసం. తప్పు దాచడంలో ఉంది, సూదిలో లేదు. సెకండ్‌హ్యాండ్ వ్యాపారులు ఈ రెంటినీ కలిపేసి, నిజాయితీగా చెప్పినవాళ్లకు ధర కోస్తున్నారు. దాంతో చెప్పకుండా దాచడమే లాభమైంది.

ఇదే అదనుగా రెండో రకం తప్పును సమర్థిస్తున్నానని అనుకోవద్దు. పాత బ్యాగును షోరూమ్ నుంచి అప్పుడే తెచ్చినట్టు మెరిపించి ఇవ్వడమే రిపేరు అనుకునేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. 2025 జూలై 10న పారిస్‌లో సోదబీస్ వేలంలో నటి, గాయని జేన్ బిర్కిన్ వాడిన మొట్టమొదటి హెర్మెస్ బిర్కిన్ బ్యాగు 86 లక్షల యూరోలకు పోయింది. హ్యాండ్‌బ్యాగుకు వేలంలో అంత ధర అంతకుముందు ఎన్నడూ పలకలేదు. ఆమె దాన్ని దాదాపు పదేళ్లు రోజువారీగా వాడి, 1994లో ఎయిడ్స్ బాధితుల సహాయం కోసం ఇచ్చేసింది. గీతలు, మరకలు, ఆమె అంటించిన స్టిక్కర్ల ఆనవాళ్లు అలాగే ఉన్నాయి. ఆ ధర జేన్ బిర్కిన్ పేరుకే, ఒప్పుకుంటాను. అయినా వాడిన గుర్తు కనబడితే వస్తువు చెడిపోయినట్టే అనేవాళ్లకు అది గట్టి జవాబు. చిరుగు ఆపాలి, బలం తిరిగి ఇవ్వాలి, జిప్పు నడవాలి. గీతలన్నీ మాయం కానక్కర్లేదు. అమ్మ చేతి పట్టుకు నల్లబడిన పిడిని కూతురు అలాగే ఉంచుకోవాలనుకుంటే, రంగు వేద్దామని ఒత్తిడి పెట్టే రిపేరర్ మంచి రిపేరర్ కాదు.

ఇక మన పాత జబ్బు. తెలుగు నేల మీద తోలును పదును చేసినవాళ్లు మాదిగలు. లంద అనే తొట్టిలో నానబెట్టి, తంగేడు చెక్క, కరక్కాయలతో పచ్చి తోలును కుళ్లని తోలుగా మార్చిన రసాయన జ్ఞానం వాళ్లది. ఆ తంగేడు పువ్వు ఇవాళ తెలంగాణ రాష్ట్ర పుష్పం. ఆ చెక్కతో పనిచేసిన చేతుల్ని మాత్రం ఊరి బయట ఉంచారు. ఆ అంటరానితనపు చూపు ఇప్పుడు హ్యాండ్‌బ్యాగు దగ్గర కొత్త మాటల్లో పలుకుతోంది. అద్దాల షోరూంలో చేతితొడుగులు వేసుకున్నవాళ్లు తోలును తాకితే అది కళ. కోఠి ఫుట్‌పాత్ మీద ఆరె పట్టుకున్న మనిషి అదే తోలును తాకితే బ్యాగు చెడిపోతుంది. ఐదు లక్షల బ్యాగును ఫుట్‌పాత్ మీద ఇచ్చేయమంటారా అని అడుగుతారు. ఇవాళే ఇచ్చేయమని చెప్పను. అతని దగ్గర సరైన పిగ్మెంట్లు లేవు, సన్నని సూదులు, అవిసె దారం లేవు, క్రోమియంతో పదును చేసిన తోలుకూ బెరడుతో పదును చేసిన తోలుకూ ఏ క్లీనర్ పడుతుందో చెప్పినవాళ్లు లేరు. కానీ మందపు తోలులో వంకర లేకుండా బెజ్జం పొడవడం, కుట్టు ఎంత బిగించాలో వేలితో తెలుసుకోవడం అతనికి వచ్చు, అది పుస్తకం చదివితే వచ్చేది కాదు. లేనివన్నీ డబ్బుతో, శిక్షణతో తీరేవే. చెన్నైలో కేంద్ర తోలు పరిశోధన సంస్థ 1948 నుంచీ ఉంది. పాదరక్షలూ తోలు వస్తువుల డిజైన్ నేర్పే జాతీయ సంస్థకు హైదరాబాద్‌లోనే క్యాంపస్ ఉంది. అక్కడ మరమ్మతుకు తయారీతో సమానమైన పీట వేయాలి, తరాలుగా ఆరె పట్టిన కుటుంబాల పిల్లలను ఫీజు లేకుండా ముందు వరసలో కూర్చోబెట్టాలి. నగరాల్లో ఇప్పుడు పుట్టుకొస్తున్న లగ్జరీ బ్యాగు రిపేరు స్టూడియోలు వాళ్లను వెనక గదిలో దాచకుండా, చేసిన పని కింద వాళ్ల పేరు రాయాలి.

బ్యాగు ఉన్నవాళ్లు చేయగలిగింది కూడా ఉంది. రిపేరుకిచ్చే ముందు ఇది ఏ తోలు అని అడగండి. కనిపించని చోట ఒక్క చుక్క నీళ్లు వేసి చూపించమనండి. నీళ్లు ఇంకి తోలు నల్లబడితే దాని మీద రక్షణ పూత లేదు లేదా చాలా పలచన, చుక్క పూసలా నిలిస్తే పూత ఉంది. ఈ మాత్రం చూపించలేనివాళ్లకు ఇవ్వకండి. ముందూ వెనకా ఫోటోలు తీయించండి. ఏ దారం, ఏ రంగు, ఏ జిప్పు వాడారో బిల్లు మీద రాయించి, అమ్మే రోజున ఆ కాగితాన్ని కూడా బ్యాగుతోపాటే కొనేవాళ్ల చేతికి ఇవ్వండి. విప్పి తీసేసిన పాత జిప్పు, బకిల్, పిడి ముక్క పారేయనివ్వకుండా కవరులో పెట్టించి తెచ్చుకోండి.