జీడిపప్పు డబ్బాకున్న న్యాయం ట్యాబ్‌కు లేదా?

పలాసలో జీడిపప్పు డబ్బా మీద పది కిలోలని రాస్తే లోపల పప్పు పది కిలోలూ ఉండి తీరాలి. డబ్బా బరువును కూడా పప్పు లెక్కలో కలిపాడో, తూనికలు కొలతల శాఖవాళ్లు వచ్చి కేసు రాస్తారు. 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనల్లో ఉన్నది అదే. కొన్నవాడికి దక్కే నికర తూకమే రాయాలి, చుట్టిన సరంజామాతో కలిపి కాదు. అదే బజారులో నాలుగు కొట్ల అవతల 32 జీబీ అని అట్టపెట్టె మీద అచ్చేసి ట్యాబ్ అమ్ముతున్నారు. అందులో మన వాటాకొచ్చేది ఎంతో ఆ పెట్టె మీద పెద్దక్షరాల్లో రాసినవాడు ఒక్కడుంటే చూపించండి.

మందసలో మా వీధిలో ఒక మామ్మ మనవరాలి ట్యాబ్ పట్టుకొచ్చింది. ‘ఏటి బాబూ, గుంట ఏటీ ఎక్కించనేదంట. మరెలా నిండిపోనాది?’ అని ఆవిడ గొడవ. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరిచి చూశాను. ఫొటోలది సన్నటి గీత. వీడియోలది ఇంకొంచెం. ‘సిస్టమ్’ అని రాసున్న గీత మాత్రం సగం తెర ఆక్రమించి కూర్చుంది. పాపం ఆ పిల్ల అప్పటికే వాసుదేవ పెరుమాళ్ గుళ్లో తీసిన ఫొటోలన్నీ చెరిపేసింది. అయినా చోటు రాలేదు. ఎందుకొస్తుంది? చెరిపినవి పోలేదు, గ్యాలరీలోని చెత్తబుట్టలోకి చేరాయి. అక్కడ నెల రోజులు అలాగే పడి ఉంటాయి, చోటు తింటూనే ఉంటాయి. ‘స్టోరేజ్ నిండింది’ అని గంటకోసారి అరిచే యంత్రానికి ఆ బుట్ట ఖాళీ చేయమని ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదు!

దీన్ని వాడేవాడి తెలివితక్కువతనం అంటున్నారు. ‘అనవసరమైనవి తీసేసుకోండి’ అని ఉచిత సలహాలు. అయ్యా, అనవసరమైనవి పెట్టిందెవరు? అడగని ఆటలు, అడగని షాపింగ్ యాప్‌లు కొన్ననాడే లోపలున్నాయి. కొన్నింటిని తీసేద్దామన్నా ‘డిసేబుల్’ అనే మీటే తప్ప తీసే దారి లేదు. వాట్సాప్ సంగతి సరేసరి. వైఫై దొరికితే చాలు, మనం మార్చనంతవరకూ గ్రూపుల్లోని ప్రతి పెళ్లి వీడియోనూ, ప్రతి శుభోదయాన్నీ తనంతట తనే దించేసుకుంటుంది. ఆ ఏర్పాటు వాళ్లది, నిండిన పాపం మనది. మెమరీ కార్డు వేసుకోమంటారు. వేస్తే ఫొటోలు వెళ్తాయి గానీ చాలా యాప్‌లు గడప దాటవు.

ఇది కొత్త మోసమూ కాదు. 64 జీబీ అని చెప్పిన సర్ఫేస్ ప్రో ట్యాబ్‌లో కొన్నవాడికి మిగిలేది 23 జీబీయేనని 2013లో మైక్రోసాఫ్టే ఒప్పుకుంది. 16 జీబీ ఐఫోన్లలో చోటు తగ్గిందని మరుసటేడాది చివర్లో అమెరికాలో ఆపిల్ మీద దావా వేశారు. వాళ్లు కోర్టుకెళ్లారు, మనం ఫొటోలు చెరుపుకుంటున్నాం.

ఆంధ్రప్రదేశ్ సర్కారు ఏం తక్కువ తిన్నది? 2022 డిసెంబర్ 21న ఎనిమిదో తరగతి పిల్లలకూ, టీచర్లకూ 5,18,740 ట్యాబ్‌లు పంచారు. లోపల బైజూస్ పాఠాలు ముందే నింపి, పిల్లలు వేరేవి వేసుకోకుండా తాళం బిగించి మరీ ఇచ్చారు. మరుసటేడాది ఇంకో 4,34,185. పాఠాలిచ్చిన ఆ కంపెనీ మీద 2024 జులైలో దివాలా ప్రక్రియ మొదలైంది. ఖాళీ చేసుకునే హక్కు లేని వస్తువును పిల్లల చేతికిచ్చి డిజిటల్ విప్లవం అని ఫ్లెక్సీలు కట్టడానికి సిగ్గుండాలి. టీచర్ల ఫోన్లకైతే ఇంకో గ్రహచారం. రోజూ బడి మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో పెట్టమన్నారు! 2024లో ఆ పని మాన్పించారు, అంతవరకు మెచ్చుకోవాలి.

సరే, ఈలోగా చేసుకోవాల్సింది చేసుకుందాం. ముందు గ్యాలరీలోనూ, ఫైల్స్‌లోనూ చెత్తబుట్టలు ఖాళీ చేయండి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘మేనేజ్ స్టోరేజ్’కు వెళ్తే పెద్ద వీడియోలు వరసగా కనిపిస్తాయి, అక్కడే ఏరిపారేయండి. ఆటోమేటిక్ డౌన్‌లోడ్ ఆపేయండి. యూట్యూబ్‌లో దాచుకున్న సినిమాలుంటే తీసేయండి. యాప్‌కు ‘క్లియర్ క్యాష్’ కొట్టొచ్చు. దాని పక్కనే ఉండే ‘క్లియర్ డేటా’ జోలికి మాత్రం తెలియకుండా పోకండి, లాగిన్‌తో సహా తుడిచిపెట్టుకుపోతుంది. నిమిషంలో శుభ్రం చేస్తామని ఊరించే క్లీనర్ యాప్‌లను అసలు ముట్టుకోకండి. చోటు లేని ఇంట్లోకి మరో అద్దెవాణ్ణి, అందులోనూ ప్రకటనలు అరిచేవాణ్ణి తెచ్చుకోవడం ఎందుకు?

ఇదంతా చేసినా ‘సిస్టమ్’ గీత వెంట్రుకంత తగ్గదు. అది తగ్గించడం మన చేతిలో లేదు, కొనకముందే దాని కొలత అడగడం మన చేతిలో ఉంది. పెట్టె మీద నికర తూకం రాయించాల్సింది తూనికలు కొలతల శాఖ, కేంద్ర వినియోగదారుల శాఖ. రాయించేదాకా ఊరుకోవద్దు. పలాసలో గానీ టెక్కలిలో గానీ కొట్టుకెళ్తే, డెమో ట్యాబ్ ఆన్ చేసి ఖాళీ ఎంతుందో చూపించమనండి. చూపించనంటే కొనకండి. కొన్నాక మోసపోయామని తేలితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి.