దిమాసా కుండకు ఢిల్లీ ముద్ర

మద్యం ప్రస్తావన రాగానే రాజధానిలో స్ఫురించేవి రెండే: ఆబ్కారీ రాబడి, రాజ్యాంగంలోని 47వ అధికరణం. అస్సాంలోని దిమా హసావ్ కొండల్లో దిమాసా స్త్రీలు ఇంట తయారుచేసుకొనే బియ్యపు బీరు జుదిమా ఈ రెండింటిలోనూ ఇమడదు. జిగురు బియ్యపు అన్నాన్ని తెంబ్రా అనే మూలికతో పులియబెడతారు. వారం రోజులకు సిద్ధమవుతుంది. భద్రపరిస్తే ఏళ్ల తరబడి నిలవ ఉంటుందని ప్రతీతి. (మన కల్లు పూట గడిస్తేనే పులిసిపోతుంది!)

పార్లమెంటు 1999లో ఆమోదించిన చట్టం కింద 2021లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించింది. హర్షణీయమే. అయితే ఆ చట్టం కాపాడేది పేరును మాత్రమే. నిలవ ఉండే సరుకుపై సీసాల వ్యాపారి కన్ను పడక మానదు. అమ్మకపు లైసెన్సు ఆ స్త్రీల సంఘాలకే దక్కేలా అస్సాం ప్రభుత్వం ఇప్పుడే నిబంధన చేయాలి.