డ్రాప్‌డౌన్‌లో తెలుగు లేదు

పగలంతా ఒక బీమా కంపెనీకి కోడ్ రాస్తాను. నెలకి రెండు శనివారాలు మాత్రం ఇక్కడ న్యూజెర్సీలోనే ఒక చిన్న సంస్థకి వెళ్ళి వాళ్ళ ఎక్సెల్ షీట్లు సరిచేస్తుంటాను. ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్ళకీ, లైంగిక దాడికి గురైనవాళ్ళకీ, ముఖ్యంగా మన వైపు దేశాల ఆడవాళ్ళకి సాయం చేసే సంస్థ అది. మగాణ్ని కదా, హెల్ప్‌లైన్ దగ్గరికి నన్ను రానివ్వరు. రానివ్వకూడదు కూడా. నాకిచ్చే షీట్‌లో పేర్లుండవు, ఫోన్ నంబర్లుండవు. వయసు, కౌంటీ, భాష, ఏ సాయం అడిగారు... అంతే.

మొదటిరోజు భాష కాలమ్‌లో డ్రాప్‌డౌన్ తెరిచాను. హిందీ, ఉర్దూ, గుజరాతీ, పంజాబీ, బెంగాలీ, తమిళం ఉన్నాయి. చివర్లో 'ఇతరం' అని ఉంది. తెలుగు లేదు! ఎడిసన్‌లో బిర్యానీ తినడానికి వెళ్తే సగం టేబుళ్ళ మీద తెలుగే వినపడుతుంది, ఇక్కడేమో మనం 'ఇతరం'. కోఆర్డినేటర్ గారిని అడిగాను. "ఆ లిస్ట్ చేసినప్పుడు తెలుగువాళ్ళు పెద్దగా ఫోన్ చేసేవాళ్ళు కాదు" అన్నారు.

ఆ మాట రెండు రకాలుగా అర్థం చేసుకోవచ్చు. మనకి ఆ కష్టం లేదని ఒకటి. కష్టం ఉన్నా మనం ఫోన్ చెయ్యమని ఇంకొకటి. రెండోదే నిజమని నాకు తెలుసు. ఎలాగంటే...

నాలుగేళ్ళ కిందట ఇక్కడికి కొత్తగా వచ్చినప్పుడు నా పక్క ఫ్లాట్‌లో మనవాళ్ళే ఉండేవాళ్ళు. గుంటూరు వైపు యాస. అతను నన్ను "బ్రో" అనేవాడు. ఆవిడ ఒకరోజు గోంగూర పచ్చడి డబ్బా చేతిలో పెట్టి, "డబ్బా నిదానంగా ఇద్దువులే తమ్ముడూ" అంది. ఇక్కడి అపార్ట్‌మెంట్ గోడలు అట్టముక్కల్లా ఉంటాయి. రాత్రి పది దాటాక ముందు టీవీ సౌండ్ పెరిగేది. తర్వాత ఏదో పడిన చప్పుడు. ఆ తర్వాత "వద్దు, వద్దు" అని ఆవిడ గొంతు. నేను ఆ టైమ్‌లో ఆఫ్‌షోర్ కాల్‌లో ఉండేవాణ్ణి. హెడ్‌ఫోన్స్‌లో నాయిస్ క్యాన్సిలేషన్ ఆన్ చేసేవాణ్ణి. ఒకరోజు కాదు, ఆ చలికాలమంతా.

పోలీసులకి ఫోన్ చేస్తే అతని వీసా పోతుందేమో, దాంతోపాటు ఆవిడా వెళ్ళిపోవాల్సి వస్తుందేమో, అసలు మొగుడూ పెళ్ళాల మధ్యకి నేనెందుకు... నేను కదలకుండా కూర్చోవడానికి ఇవి చాలు. ఎండాకాలం వచ్చేసరికి ఫ్లాట్ ఖాళీ అయింది. ఎక్కడికెళ్ళారో తెలీదు. డబ్బా ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

నాకు అప్పుడు తెలియనివి చాలా ఉన్నాయి. ఆవిడ హెచ్-4 మీద వచ్చింది, అంటే వీసా మొత్తం భర్త ఉద్యోగం మీద ఆధారపడి ఉంటుంది. విడాకులైతే ఆ స్టేటస్ కూడా పోతుంది. భర్త గ్రీన్‌కార్డ్ ప్రాసెస్ ఒక దశ దాటితేనే పని చేసుకునే అనుమతి వస్తుంది. అదీ 2015 నుంచే. చాలా ఇళ్ళల్లో బ్యాంక్ అకౌంట్, ఫోన్ ప్లాన్, అద్దె అగ్రిమెంట్ అన్నీ అతని పేరు మీదే. ఇంత చదువుకున్న పిల్లకి రైల్ టికెట్‌కి కూడా చేతిలో డాలర్లుండవు.

కానీ ఇదే దేశంలో ఐ-765వి అని ఒక ఫారం ఉంది. హెచ్-4లో ఉండి హింసకు గురైన భార్యగానీ భర్తగానీ, అవతలివాళ్ళ సంతకంతో పనిలేకుండా వర్క్ పర్మిట్‌కి సొంతంగా దరఖాస్తు చేసుకోవచ్చు. యు-వీసా అని నేర బాధితుల కోసమే ఇంకొకటి ఉంది. ఏడాదికి పదివేలే ఇస్తారు కాబట్టి దాని క్యూ మన గ్రీన్‌కార్డ్ క్యూకి చెల్లెలు. ఏది ఎవరికి పనికొస్తుందో చెప్పడానికి ఒక లాయర్ కావాలి. భయపడుతున్న మనిషికి దాన్ని సొంత భాషలో చెప్పడానికి ఇంకొకరు కావాలి. వీళ్ళిద్దరి జీతం ఎక్కణ్నుంచి వస్తుంది? షీట్లు చూడ్డం మొదలుపెట్టాకే నాకు ఈ సంగతి తెలిసింది.

అమెరికాలో 1984లో 'విక్టిమ్స్ ఆఫ్ క్రైమ్ యాక్ట్' అని చట్టం చేశారు. పొట్టిగా వోకా అంటారు. దానికింద ఒక నిధి ఉంది. అందులో పడేది జనం కట్టే పన్ను కాదు, ఫెడరల్ కోర్టుల్లో నేరస్తులు కట్టే జరిమానాలు. పెద్ద నేరం రుజువైన ప్రతి మనిషీ జరిమానాతో సంబంధం లేకుండా వంద డాలర్లు కట్టాలి, కంపెనీ అయితే నాలుగు వందలు. అయితే నిధిని నింపేది ఈ చిల్లర కాదు, పెద్ద పెద్ద బ్యాంకులూ కంపెనీలూ దొరికిపోయినప్పుడు కట్టే కోట్ల జరిమానాలు. ఆ డబ్బు రాష్ట్రాలకి వెళ్తుంది, రాష్ట్రాలు మా సంస్థలాంటి వాటికి పంచుతాయి.

పంచడానికి ఒక లెక్క ఉంది. గృహహింస, లైంగిక దాడి, పిల్లల మీద హింస, ఈ మూడింటికీ తలా కనీసం పది శాతం ఇవ్వాలి. ఇంకో పది శాతం 'అండర్‌సర్వ్‌డ్' అనే బాధితులకి ఇవ్వాలి. అంటే ఇంతకాలం సాయం సరిగ్గా అందనివాళ్ళు. ఆ మాట వినగానే నాకు మురికివాడలు గుర్తొచ్చాయిగానీ టెస్లా కార్లున్న మన పార్కింగ్ లాట్ గుర్తురాలేదు. సాయం అందకపోవడం జీతాన్ని బట్టి ఉండదు. భాష రాకపోయినా, వీసా భయమున్నా, "ఊళ్ళో తెలిస్తే చెల్లెలి పెళ్ళి ఆగిపోతుంది" అనే మాట అడ్డొచ్చినా అందనట్టే. న్యూజెర్సీలో 1985లో మానవి, న్యూయార్క్‌లో 1989లో సఖి పుట్టింది, మామూలు షెల్టర్లకి అర్థం కాని ఇలాంటి గొడవల కోసమే.

ఎవరు అండర్‌సర్వ్‌డ్ అనేది రాష్ట్రం తేల్చుకోవాలి. దానికి లెక్కలు కావాలి. లెక్కలు వెళ్ళేది ఎలాగంటే, మూణ్ణెల్లకోసారి పంపే రిపోర్ట్‌లో మనందరికీ కలిపి ఒకటే గడి, 'ఏషియన్'. చైనా అమ్మాయి, కొరియా అమ్మాయి, గుంటూరు అమ్మాయి, అందరూ అందులోనే. ఇంగ్లిష్ సరిగ్గా రానివాళ్ళని చూపించడానికి ఇంకో గడి ఉందిగానీ ఏ భాషో అక్కడ తెలీదు. అందుకే మా డ్రాప్‌డౌన్‌లో 'ఇతరం' చూసి నాకు అంత కడుపుమండింది. మన షీట్‌లోనే తెలుగు లేకపోతే, "మాకు తెలుగు వచ్చిన కౌన్సెలర్ కావాలి" అని అప్లికేషన్‌లో ఏ అంకె చూపించి అడుగుతాం?

ఇంకో తమాషా చెప్తాను. వోకా గ్రాంట్ వస్తే ప్రాజెక్ట్ ఖర్చులో ఇరవై శాతం మామూలుగా సంస్థే తెచ్చుకోవాలి. డబ్బే కానక్కర్లేదు, వాలంటీర్లు చేసిన గంటలకి వెల కట్టి చూపించొచ్చు. ఆఫీసులో నా గంటలు క్లయింట్‌కి బిల్ అయితే ఏమీ అనిపించదుగానీ, ఇక్కడ నా శనివారం నాలుగు గంటలు ఆ ఇరవై శాతంలో పడతాయని తెలిసిన రోజు టైమ్‌షీట్ మాత్రం చాలా శ్రద్ధగా నింపాను! పైగా చాలాచోట్ల ముందు ఖర్చు పెట్టి, రసీదులు పంపి, తర్వాత డబ్బు తెచ్చుకోవాలి. పెద్ద సంస్థలు ఎలాగో నెట్టుకొస్తాయి. ఇద్దరు ముగ్గురు ఉద్యోగులున్న చోట ఒక రసీదు ఆగితే ఒక జీతం ఆగుతుంది.

అసలు దిగులు ఆ నిధి గురించే. 2017లో అందులో ఆరు బిలియన్ డాలర్లకి పైగా పడ్డాయి. మరుసటి ఏడాదే అర బిలియన్ కూడా పడలేదు. ప్రభుత్వం కంపెనీల మీద కేసు నడపకుండా ఒప్పందం చేసుకుంటే, అలా కట్టిన డబ్బు ఈ నిధికి కాకుండా మామూలు ఖజానాకి పోయేది. 2021లో చట్టం మార్చి ఆ చిల్లు పూడ్చారు. అయినా అప్పటికే కారిపోయింది చాలా ఉంది. నిధిలోంచి ఏడాదికి ఎంత తియ్యొచ్చో కాంగ్రెస్ హద్దు పెడుతుంది. 2018లో ఆ హద్దు 4.4 బిలియన్లు, 2024కి 1.35 బిలియన్లు. ఇది కాక, న్యాయశాఖ విడిగా ఇచ్చే గ్రాంట్లలో మూడు వందలకి పైగా 2025 ఏప్రిల్‌లో ఉన్నపళంగా రద్దయ్యాయి, కొన్నిటిని మళ్ళీ తిరిగిచ్చారు. వాషింగ్టన్‌లో సున్నాలు మారితే మా దగ్గర ఏం మారుతుందంటే, తెలుగు మాట్లాడే ఆవిడ వారానికి ఐదు రోజులు వస్తారా, రెండు రోజులే వస్తారా అన్నది. మిగతా మూడు రోజుల్లో ఫోన్ చేసిన మనిషికి ఫోన్‌లో దుబాసీని కలుపుతారు. అది లేకపోవడం కంటే చాలా నయం. కానీ "మా అత్తగారు సూటిపోటి మాటలంటారు" అన్నదాన్ని మూడో మనిషి ద్వారా ఇంగ్లిష్‌లోకి పంపి చూడండి, ఏం మిగులుతుందో.

మన తెలుగు సంఘాల వేడుకలకి ఏ హీరోనో పిలిపించడానికి ఎంతవుతుందో ఇక్కడ అందరికీ తెలుసు. అందులో ఒక ఎకానమీ క్లాస్ టికెట్ డబ్బు ఇటు మళ్ళించమని అడిగితే తప్పా? ఒక పెద్దాయన్ని అడిగాను. "మన పరువు మనమే తీసుకుంటామా బాబూ" అన్నారు. సంఘాల్లో కొందరు చాటుగా సాయం చేస్తారు, అది నిజమే. ఆ చాటు అవసరం లేని రోజు కోసం చూస్తున్నాను.

ఇది చదువుతున్నవాళ్ళు అమెరికాలో ఉంటేగనక ఒక నంబర్ ఫోన్‌లో వేరే పేరుతో సేవ్ చేసుకోండి: 1-800-799-7233. జాతీయ గృహహింస హెల్ప్‌లైన్, రాత్రీ పగలూ ఉంటుంది, అడిగితే దుబాసీని కలుపుతారు. గోడకి ఇటువైపు ఉన్నవాళ్ళు కూడా చేసి ఏం చెయ్యాలో అడగొచ్చు. నాకు ఆ చలికాలంలో ఈ ముక్క తెలీదు.

డ్రాప్‌డౌన్ మార్చడానికి పట్టింది రెండు నిమిషాలు. పాత 'ఇతరం' వరసల్ని నోట్స్‌తో సరిచూసి, తెలిసినంతవరకు సరిచెయ్యడం ఉద్యోగుల పని, దానికి రెండు నెలలు పట్టింది. పోయిన శనివారం షీట్ నా చేతికొచ్చాక, తెలుగు మీద ఫిల్టర్ పెట్టాను. ఎన్ని వరసలొచ్చాయో చెప్పను, చెప్పకూడదు. స్క్రీన్ మీద పట్టలేదు, కిందికి స్క్రోల్ చెయ్యాల్సొచ్చింది. టైమ్‌షీట్‌లో నాలుగు గంటలు రాసి, సంతకం పెట్టి బయటికొచ్చాను.