సందేహించువానితో సంభాషణము

విశ్వాసమును గూర్చి సందేహించువాడు ఎదురైనప్పుడు మనలో పెక్కుమంది వాదమునకు దిగుదురు, లేక మౌనము వహింతురు. వాదమున గెలిచినవాడు మిత్రుని గోల్పోవచ్చును. మౌనము వహించినవాడు తనకు ప్రియమైన దానిని దాచుకొనును. ఈ రెంటి నడుమ సాత్వికమైన మార్గమొకటి కలదు.

అందు మొదటి మెట్టు వినుట. ఇది మన ప్రాంతమునకు క్రొత్త కాదు. గద్వాల సంస్థానము కవిపండితులకు ఆశ్రయమై ‘విద్వద్గద్వాల’ యని పేరొందినది. మన పండితుల శాస్త్రచర్చలయందు ఎదుటివాని మాటను పూర్వపక్షముగా నిలిపి, పిదపనే తమ సిద్ధాంతమును చెప్పుట మర్యాద. ‘దేవుడున్నచో పసిబిడ్డలకు రోగములేల?’ యని సహపాఠి యడిగినప్పుడు వెంటనే వాక్యము నప్పగించుట ప్రత్యుత్తరము కాదు. ఆ ప్రశ్న వెనుక ఏ యింటి దుఃఖము కలదో మొదట తెలిసికొనవలెను. మనకు తెలియని దానిని తెలియదనుటవలన విశ్వాసమునకు లోపము రాదు.

తోమాను జ్ఞప్తికి దెచ్చుకొనుడు. ప్రభువు లేచెనని తోడి శిష్యులు చెప్పినను అతడు నమ్మలేదు. అయినను ఎనిమిది దినముల పిమ్మట అతడు వారితోనే యింటిలోపల నుండెను. సందేహించినందుకు వారతనిని వెలివేసినట్లు సువార్తలో లేదు.

రెండవ మెట్టు ఎదుటివాని స్వేచ్ఛను కాపాడుట. 1876–78 నాటి ధాత కరవులో ఒంగోలు బాప్తిస్టు మిషనుకు చెందిన క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంతభాగమును కంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్నవారికి పని కల్పించిరి. అన్నము కొరకే మతములో చేరుచున్నారను శంకకు తావుండరాదని, ఆ కరవుకాలమున బాప్తిస్మము కోరినవారిని వేచియుండుడనిరి. 1878లో మరల బాప్తిస్మములు ఆరంభింపగా, జూలై 3వ తేదీన ఒక్కదినముననే 2,222 మంది గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మము పొందిరి. వేచియుండుటవలన నష్టమేమియు కలుగలేదు.

ఈ విషయము మిషను పాఠశాలకు మిక్కిలి ముఖ్యము. 1899లో హైదరాబాదు రాజ్యమున పని ప్రారంభించిన అమెరికా మెన్నోనైట్ బ్రెదరెన్ మిషను, నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల ప్రాంతములలో బోధతోపాటు విద్యావైద్యసేవలను సాగించినది. మార్కులు వేయు చేయియు, హాస్టలులో చోటిచ్చు చేయియు బలమైనవి. ఆ చేతికి జంకి పలికిన ‘ఆమేన్’ విశ్వాసము కానేరదు. ప్రభుత్వ గుర్తింపుగాని ధనసహాయముగాని పొందిన పాఠశాలలో, సమ్మతి లేనిదే ఏ విద్యార్థియు మతబోధకు హాజరు కానక్కరలేదనియు, మైనరైనచో సంరక్షకుని సమ్మతి కావలయుననియు మన రాజ్యాంగము 28వ అధికరణమున విధించినది. చట్టము కోరునంతకంటె ప్రేమ ఎక్కువగానే కోరును.

ఇట్లు వేచియుండుట పిరికితనము కాదాయని కొందరు తలిదండ్రులు శంకింపవచ్చును. కాదు. అడిగినవానికి మన నమ్మకమును, దానివలన మన జీవితమున గలిగిన మార్పును దాచక చెప్పవలసినదే. చెప్పిన పిదప ఫలితమును దేవునికి విడువవలెను. సందేహించువాడు మన మాటను అంగీకరింపకయే లేచిపోవచ్చును. మరునాడు మరియొక ప్రశ్నతో నిర్భయముగా మనయొద్దకు రాగలిగిన, అది మంచి సంభాషణమే.